ఏడుపా, ఆకలా?

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకూడదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నావల్ల కాదు. ఇందులో నా తప్పేమీ లేదు, పుట్టిన చోటు అలాంటిది. మాది మదనపల్లె. మా నాయన టమోటా మార్కెట్ యార్డులో వేలం పాడేవాడు. గోలీకాయంత టమోటాను రెండు చేతులతో పైకెత్తి, "గుమ్మడికాయప్పా గుమ్మడికాయ! మొయ్యలేకుండా ఉండాను, ఎవరన్నా వచ్చి ఒక చెయ్యెయ్యండి!" అని అరిచేవాడు. కొనడానికి వచ్చిన పెద్దమనుషులు నిజంగానే కండువాలు నడుముకు బిగించి లేచేవాళ్ళు. ఆ గొంతు వింటూ పెరిగినవాడు చీమను చీమ అని ఎలా అంటాడు?

ఆ యార్డులోనే ఒక పద్ధతి ఉంది. ఎంత మంచి సరుకు తెచ్చినా కుళ్ళూ దెబ్బా పోను కొంత తీసేసి తూకం కడతారు. దాన్ని తరుగు అంటారు. నేను చెప్పబోయేదానికి కూడా మీరు తరుగు తీసుకోండి. ఎంత తీసుకుంటారో మీ దయ. కాకపోతే పెంచి చెప్పడం వేరు, లేనిది కల్పించడం వేరు. అచ్చంగా కల్పించింది ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

తొంభైల నడిమి రోజులు. సర్కారు ఉద్యోగాలన్నీ నన్ను చూసి భయపడి తలోదిక్కూ పారిపోతే, పుంగనూరులో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో పసిపిల్లల క్లాసుకు టీచర్‌గా చేరాను. స్కూలంటే రేకుల షెడ్డు. వానొస్తే పాఠం వినిపించదు, చేతులతో సైగ చేసి చెప్పాల్సిందే. అందుకే మా స్కూల్లో చదివిన పిల్లలకు ఇప్పటికీ మూడో ఎక్కం వేళ్ళ మీద తప్ప నోటికి రాదు. పిల్లల్లో సగంమంది ఊళ్ళోని అంగళ్ళవాళ్ళ బిడ్డలు. మిగతా సగం చౌడేపల్లె దారిలోని పల్లెల నుంచి ఒకే ఆటోలో వచ్చేవాళ్ళు. ఆ ఆటోలోంచి దిగుతూనే ఉండేవాళ్ళు, దిగుతూనే ఉండేవాళ్ళు. ఆఖరివాడు దిగేలోపల మొదట దిగినవాడికి మీసాలు మొలిచేవి.

స్కూలు పెట్టినామెను అందరం పెద్ద మేడం అనేవాళ్ళం. మనిషి మంచిది, గొంతే పెద్దది. ప్రేయర్‌లో ఆమె "అటెన్షన్!" అంటే కుప్పం స్టేషన్లో రైలు ఆగిపోయి, మళ్ళీ "స్టాండెటీజ్" అనేదాకా కదిలేది కాదు. ఆమె ఒకసారి మదనపల్లెలో టీచర్లకేదో శిక్షణ అంటే వెళ్ళి, అటునుంచి ఒక ఆలోచన పట్టుకొచ్చింది. వచ్చీ రాగానే నన్ను ఆఫీసు గదికి పిలిచింది.

"ఏమప్పా, మనం పిల్లోళ్ళకు అఆలు నేర్పిస్తాండాం, ఏబీసీడీలు నేర్పిస్తాండాం. పక్కనోడు ఏడుస్తాంటే ఏం చెయ్యాలో నేర్పిస్తాండామా?"

"పక్కనోడు ఏడుస్తాంటే మనోళ్ళు వాడి టిఫిను తినేస్తారు మేడం. అది మనం నేర్పించిందేం కాదు, వాళ్ళంతట వాళ్ళే నేర్చుకున్నారు."

"అది మాన్పించాల. ఎదుటోళ్ళ మొగం సూసి, వాళ్ళ మనసులో ఏముండాదో కనిపెట్టాల. కనిపెట్టి, దానికి తగినట్టు నడుచుకోవాల. శుక్రవారం ఆఖరి పీరియడ్ ఇంక ఇదే. నువ్వే చెప్పు."

నేనా? ఇంట్లో మా ఆవిడకు కోపమొచ్చిన సంగతి నాకు మూడోరోజు పొద్దునకు గాని తెలిసేది కాదు. అయినా మేడం చెప్పాక కాదనడానికి లేదు. ఒక చార్టు కొన్నాను. నాలుగు మొహాలు గీశాను: సంతోషం, దుఃఖం, కోపం, భయం. నా చేతి సంగతి మీకు తెలియదు కదా. నేను గీసిన గుర్రాన్ని చూసి ఒక పిల్లవాడు "కుర్చీ" అని రాసి మార్కులు కూడా వేయించుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. చార్టు గోడకు తగిలించి, దుఃఖం బొమ్మ మీద బెత్తం పెట్టాను. రెండు కళ్ళ నుంచీ కన్నీళ్ళు వరదలా కారుతున్నాయి. మా జిల్లా నదుల్లో నీళ్ళు లేకపోయినా ఆ బొమ్మలో ఉన్నాయి.

"పిల్లలూ, ఈమెకేమైంది?"

"ఎర్రగడ్డలు కోస్తాండాది సార్!" అని క్లాసంతా ఒకే గొంతుతో చెప్పింది. ఎర్రగడ్డలంటే మా వైపు ఉల్లిపాయలు.

"సరే. అట్ల ఏడుస్తాంటే మనమేం చెయ్యాల?"

"కత్తి పెరుక్కోవాల సార్!"

కోపం బొమ్మకు నేను మీసాలు పెట్టాను. అది పోలీసాయన అన్నారు. ఆయనొస్తే ఏం చెయ్యాలంటే, పరుగెత్తాలన్నారు. భయం బొమ్మ పామును చూసింది. సంతోషం బొమ్మకు పంటి నొప్పి. ఇంక పాఠం అయిపోయింది, గంట కొట్టేశారు.

ఇలా నా పాఠం చల్లగా సాగుతుండగా కొత్త పాప వచ్చింది.

వాళ్ళది కుప్పం దగ్గర గుడుపల్లె. తండ్రికి బెంగుళూరులో కంపెనీలో పని, ఆదివారాలకు మాత్రం రైలెక్కి వచ్చేవాడు. తల్లి నర్సు ట్రైనింగు చేసి, పుంగనూరులో కాన్పుల నర్సింగ్‌హోమ్‌లో పనికి కుదిరింది. కూతురితో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. పాపకు ఐదేళ్ళు కూడా నిండలేదు. మొదటిరోజు గేటు దగ్గర తల్లి కొంగు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఉంది చూశారూ, అలాంటి ఏడుపు నేను ముందూ వినలేదు, వెనకా వినలేదు. షెడ్డు రేకులు వాటంతటవే మోగాయి. అంగళ్ళ వీధిలో జనం పొలోమని బయటికొచ్చి ఆకాశం వైపు చూశారు. పెద్ద మేడం గొంతుకు మా ఊళ్ళో ఎదురు పుట్టిందంటే అది ఆ రోజే.

రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. తల్లి పక్కనే కూర్చుంటే ముత్యంలా ఉండేది. తల్లి లేచిందంటే మొదలు. ఒకరోజు తల్లి డ్యూటీకి ఆలస్యమై, గేటు అవతల నిలబడి నాతో చెప్పింది.

"సార్, నేను పనికి పోయేది మా యత్తకు ఇష్టం లేదు. పాప ఏడవకుండా బడికి పోతే సరి, లేకుంటే నెలాఖరుకు మూటాముల్లే కట్టుకుని ఊరికొచ్చేయమనింది. ఆడ నర్సింగ్‌హోమ్‌లో డాక్టరమ్మ కూడా ఇట్లే లేటయితే వేరే మనిషిని పెట్టుకుంటాననింది. ఎంత కష్టపడి సదువుకున్నా సార్ నేను..."

ఇంత చెబుతూ కూడా ఆమె నవ్వుతూనే ఉంది. కూతురు చూస్తోంది కదా. "ఏం కాదులే సార్, అలవాటైపోతాది" అని మళ్ళీ నవ్వి, గబగబా వెళ్ళిపోయింది. నాకు ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చింది. పసిపిల్లల క్లాసుకు మొహాలు చదవడం నేర్పే మేధావిని నేను, చూశారు కదా.

నెలాఖరు ఎంతో దూరంలో లేదు. ఏదో ఒకటి చేయాలి. శుక్రవారందాకా ఆగకుండా, పిల్లల్నే అడిగాను. "కొత్త పాప ఏడుస్తాండాది కదా, మనమేం చేద్దాం?"

పాలోళ్ళ పాప లేచి నిలబడింది. ఈ పిల్లది చౌడేపల్లె దారిలో ఒక పల్లె. ఇంట్లో పాడి. రెండు జడలు, రెండింటికీ రిబ్బన్లు, అవి కాక ప్రపంచంలోని ఏ సంగతి మీదైనా రెండు అభిప్రాయాలు. పుంగనూరు పొట్టి ఆవులు అప్పటికే అరుదైపోయి అందరిళ్ళలోనూ జెర్సీలు వచ్చేశాయి గానీ, వీళ్ళ తాత పంతానికి ఒక పొట్టావును మిగుల్చుకున్నాడు. అది ఎంత పొట్టిదంటే, దాన్ని మేపడానికి వెళ్ళినవాడు గడ్డిలో దాన్ని వెతుక్కోవాలి. ఐదేళ్ళ పిల్ల నిలబడి దాని మెడకింద గోకగలదు. ఈ పిల్ల పొద్దునా సాయంత్రమూ చేసే పని అదే.

"కొత్త జాగాకొచ్చిన ఆవు అట్లే అరుస్తాది సార్," అంది. "మేం జెర్సీని తెచ్చినప్పుడు ఎంత అరిసింది! మేమేం చేసినామో అదే చేద్దాం."

బాగుందనుకున్నాను. ఏం చేశారో అడగాలని మాత్రం నాకు తట్టలేదు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి క్లాసులో పండగ జరుగుతోంది. కొత్త పాపను గది మధ్యలో నిలబెట్టారు. పసుపు లేదు కాబట్టి నుదుటికి సుద్దపొడి పూశారు. నోటి దగ్గర బెల్లం ముక్క. కాళ్ళ దగ్గర నాలుగు గడ్డిపరకలు. మెడలో ఎవరో ప్రేయర్ బెల్లు తాడుతో సహా వేసేశారు. పిల్లలంతా చుట్టూ తిరుగుతూ "హో... హో..." అంటున్నారు. ఆ పసిది కొంచెంసేపు అయోమయంగా చూసి, ఆ తర్వాత ఏడుపు అందుకుంది. మెడలో గంట ఉంది కదా, ఏడ్చినప్పుడల్లా అది కూడా మోగింది. ఇంటి గంట అనుకుని పై క్లాసుల పిల్లలంతా బ్యాగులు తగిలించుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

పెద్ద మేడం ఆఫీసులో నాకు గడ్డి పెట్టింది. ఆ గడ్డి చౌడేపల్లె మందకంతటికీ ఏడాదికి సరిపోయేది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఖాళీ బెంచీ మీద కూర్చుని ఆలోచించాను. పిల్లల మనసులో చెడేమీ లేదు. వాళ్ళకు చెయ్యాలని ఉంది, చెయ్యడమూ వచ్చు. కాకపోతే చెయ్యి ముందు పోతోంది, చూపు తర్వాత పోతోంది. ఆ పసిదానికి అది నచ్చిందా లేదా అని ఒక్కరైనా దాని మొహం చూడలేదు. చార్టు మీద బొమ్మను చూపించానే గానీ, పక్కనున్న మొహాన్ని చూడమని నేనెప్పుడు చెప్పాను?

మర్నాడు పాలోళ్ళ పాపను పిలిచి అడిగాను. "మీ ఆవు మెడకింద గోకుతావు కదా, దానికి ఇష్టమో కాదో నీకెట్ల తెలుస్తాది?"

"ఇష్టమైతే మెడ సాపుతాది సార్. కండ్లు అరమోడుస్తాది. ఇష్టం లేకుంటే చెవులు ఎనక్కి పెడతాది. అప్పుడు నేను గోకను."

"మరి కొత్త పాప చెవులు సూసినావా?"

క్లాసంతా కొత్త పాప చెవుల వైపు తిరిగింది. కొత్త పాప రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"మనుషుల చెవులు కదలవు కదా," అన్నాను, "అందుకే మనం మొగం సూడాల. సూసినా తెలియకుంటే నోటితో అడగాల. అడిగినాకనే చెయ్యి."

అప్పటినుంచి అదే ఆట. ముందు చూడాలి, తర్వాత అడగాలి, ఆ తర్వాతే ఏమైనా చేయాలి. ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చుని ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. "నీకిప్పుడు కోపమా?" "కాదు, ఒంటికి పోవాల." "పక్కన కూసోనా?" "వద్దు, నీ ముక్కు కారుతాండాది." ఇలా మా క్లాసులో మనసులు విప్పి మాట్లాడుకోవడం మొదలైంది. నన్నూ వదల్లేదు. నేను హాజరు పిలుస్తుంటే ఒకడు లేచి, "సార్, మీకు ఇంట్లో తిట్లు పడినాయా?" అన్నాడు. పడిన మాట నిజమే. ఎందుకు పడ్డాయో చెప్పమని క్లాసంతా పట్టుబట్టింది. చెప్పాక, తప్పు నాదేనని ఏకగ్రీవంగా తేల్చారు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు పెద్ద మేడం ఉగ్రరూపంలో మా గదిలోకి వచ్చింది. గోడలు వణికాయి, బల్లులు రాజీనామా చేశాయి. పాలోళ్ళ పాప లేచి, ఆమె మొహంలోకి తేరిపార చూసి, "మేడం, మీకిప్పుడు కోపమా, ఆకలా?" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేడం నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. కాసేపు తన కడుపు సంగతి తనే తరచి చూసుకున్నట్టు ఆగి, "...ఆకలి," అంది.

ఆ రోజు నుంచి ఆమె బల్ల సొరుగులో బిస్కెట్ల పొట్లం ఒకటి ఉండేది. పదకొండుకు రెండు బిస్కెట్లు తినేది. స్కూల్లో ఉక్కపోత సగానికి సగం తగ్గింది.

ఈ ఆట వల్ల కొత్త పాప కూడా కొంచెం కుదుటపడింది. పాలోళ్ళ పాప వెళ్ళి, దూరంగా నిలబడి, "పక్కన కూసోనా?" అని అడిగేది. మొదట తల అడ్డంగా ఊపింది. పాలోళ్ళ పాప వెనక్కి వచ్చేసింది. మరికాసేపటికి మళ్ళీ అడిగింది. ఒకరోజు కొత్త పాప కొంచెం జరిగి చోటిచ్చింది. ఆ పూట మా క్లాసులో జరిగిన సంబరం ముందు గంగజాతర దిగదుడుపు. మధ్యాహ్నాలు ఇద్దరూ కలిసి తినేవాళ్ళు. కానీ పొద్దున గేటు దగ్గర మాత్రం అదే ఏడుపు, అదే కొంగు. తల్లికి అదే ఆలస్యం, అదే నవ్వు. నెలాఖరుకు ఇంకో వారం కూడా లేదు. అద్దె గది ఖాళీ చేస్తానని ఇంటివాళ్ళకు చెప్పేసిందని కూడా తెలిసింది.

ఆ శుక్రవారం ఆఖరి పీరియడ్లో కొత్త పాపను చార్టు దగ్గరికి పిలిచాను. పాలోళ్ళ పాప ఆవు దగ్గర కూర్చున్నట్టే, ఎదురుగా కాకుండా పక్కగా కూర్చున్నాను. చూడకుండా చూస్తూ అడిగాను.

"పొద్దున గేటు కాడ నీ మొగం ఇందులో ఏది నాయనా?"

భయం బొమ్మను చూపిస్తుందనుకున్నాను. పామును చూసిన ఆ బొమ్మను దాటి, మీసాల పోలీసును దాటి, ఎర్రగడ్డలు కోసే ఆమె మీద వేలు పెట్టింది.

"ఇది నువ్వా?"

తల అడ్డంగా ఊపింది. "మా యమ్మ."

"మీ యమ్మ నగుతా ఉంటాది కదమ్మా?"

"నోరు నగుతాది," అంది. తర్వాత ఆ బొమ్మ కళ్ళను వేలితో తాకింది. "ఇవి నగవు."

ఆ పిల్లే చెప్పింది, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు నెమ్మదిగా. "నేను బళ్ళోకి పోతే అమ్మ ఏడుస్తాది. రోడ్డు మళ్ళినాక కొంగుతో తుడుసుకుంటాది. నేను సూసినా. నేను ఏడిస్తే అమ్మ పోదు. పోకుంటే ఏడవదు."

చూశారా? క్లాసులో అందరికంటే ముందే పాఠం వచ్చేసిన పిల్లను పట్టుకుని, ఈ నెలంతా నేను పాఠం చెబుతున్నాను. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టింది, కనిపెట్టి, తనకు చేతనైంది చేస్తోంది. బడంటే భయం కాదు దానికి. తల్లికి కాపలా కాస్తోంది. దాని చేతిలో ఉన్న ఆయుధం ఒక్క ఏడుపే, దాన్ని పొద్దున్నే భక్తిగా వాడుతోంది.

పిల్లలంతా ఎప్పుడు చుట్టూ చేరారో తెలియదు. పాలోళ్ళ పాప నడుం మీద చేతులు పెట్టుకుని, "అయితే మనం ఇన్నాళ్ళూ దూడకు చేసినాం సార్. చెయ్యాల్సింది తల్లికి," అంది.

"చేద్దాం. ముందేం చెయ్యాల?"

"సూడాల!"

"తర్వాత?"

"అడగాల!"

"మెడలో గంట?"

"వెయ్యం సార్," అన్నారు, కొంచెం నిరాశగా.

సోమవారం పొద్దున్న గంట కంటే ముందే మా క్లాసంతా గేటు దగ్గర వరుసగా నిలబడింది. తల్లీకూతుళ్ళు వచ్చారు. కూతురు అప్పటికే ఏడుపుకు గాలి పీల్చుకుంటోంది. తల్లి ఎప్పట్లాగే నవ్వుతోంది. పాలోళ్ళ పాప ముందుకొచ్చి, తలెత్తి, ఆమె మొహాన్ని తీరిగ్గా చూసింది. వెనక మిగతావాళ్ళందరూ కూడా మెడలు సాచి చూశారు. అంతమంది తనవైపు అంత శ్రద్ధగా చూడడం ఆమెకు బహుశా పెళ్ళిపీటల తర్వాత అదే మొదలు.

"అమ్మా, నీకిప్పుడు ఏడుపా, ఆకలా?"

"ఏమీ లేదు నాయనా, బాగుండాను," అని నవ్వింది.

"నోరు నగుతాండాది. కండ్లు నగలే," అంది పాలోళ్ళ పాప.

ఆమె నా వైపు చూసింది. నేను గేటు చువ్వలు లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆమె పెదవులు ఒకసారి కదిలాయి. తర్వాత గేటు పక్కనున్న రాయి మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంతకాలం రోడ్డు మళ్ళాక ఏడ్చే ఏడుపు ఆ రోజు మా గేటు దగ్గరే బయటపడింది.

కొత్త పాప బిత్తరపోయింది. పీల్చిన గాలి పీల్చినట్టే ఉండిపోయింది.

"పక్కన కూసోనా?" అంది పాలోళ్ళ పాప.

కొంగు వెనక నుంచి తల ఆడింది. పిల్లలు ఒక్కొక్కరే అడిగి, ఒక్కొక్కరే కూర్చున్నారు. అడగకుండా ఒక్కడు కూడా కూర్చోలేదు, అది మాత్రం నేను గర్వంగా చెప్పుకుంటాను. ఒకడు ఆమె మోచేతి దగ్గర గోకవచ్చా అని అడిగి, గోకాడు. ఒకడు ఈగలున్నాయేమో చూశాడు, లేవు. అయినా తోలాడు. పాలోళ్ళ పాప పాలు పితికేటప్పుడు వాళ్ళ అమ్మ తీసే సన్నని కూనిరాగం ఎత్తుకుంది, మిగతావాళ్ళు అందుకున్నారు. వరుస చివరనున్న బుజ్జిది ఇంతసేపూ వెనక దాచుకున్న చేతిని ముందుకు తెచ్చి, "ఇది పెట్టనా?" అని అడిగి, ఆమె ఒళ్ళో పిడికెడు పచ్చగడ్డి పెట్టింది.

ఆమె కొంగు తీసి ఒళ్ళోకి చూసుకుంది. తెల్లటి యూనిఫారం చీర మీద గడ్డి. చుట్టూ ఆమె ఎప్పుడు మేస్తుందా అని ఆశగా చూస్తున్న మొహాలు. ఆమెకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత గొంతులోంచి, తర్వాత మనిషంతా. రాయి మీద నుంచి పడిపోకుండా గేటు పట్టుకుంది. ఆ నవ్వుకు ఎదురింటి డాబా మీద ఆరేసిన వడియాలు సాయంత్రం ఎండాల్సినవి అప్పుడే ఎండిపోయాయి.

కొత్త పాప తల్లి దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో ఆమె మొహాన్ని పట్టుకుంది. ఒకసారి ఎడమకు తిప్పింది, ఒకసారి కుడికి తిప్పింది. సంతలో ఆవు పళ్ళు చూసేవాళ్ళు కూడా అంత నిదానంగా చూడరు. ముఖ్యంగా కళ్ళు చూసింది. చూసి, తృప్తిపడి, కొంగు వదిలేసింది.

"పోమ్మా," అంది. "టైమైతాది."

అని, పాలోళ్ళ పాప చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. వెనక్కి చూడలేదు. తల్లే గేటు దగ్గర చాలాసేపు నిలబడి, అప్పుడు వెళ్ళింది. రోడ్డు మళ్ళేచోట ఆగి కొంగు ఎత్తుతుందేమోనని చూశాను. ఎత్తలేదు. యూనిఫారానికి అంటుకున్న గడ్డిపరక ఒకటి తీసి, పారెయ్యకుండా, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. నేనప్పుడే బోర్డు తుడిచి వచ్చాను కాబట్టి సుద్దపొడి కళ్ళలో పడి, రోడ్డు కాస్త మసకగా కనిపించింది.

మర్నాడు కొత్త పాప కొంచెం ఏడ్చింది. దాని మర్నాడు ఇంకా కొంచెం. తల్లి కూడా పద్ధతి మార్చింది. బాధగా ఉన్న రోజు నవ్వడం మానేసి, "ఈపొద్దు అమ్మకు కొంచెం ఏడుపుండాది, సాయంత్రానికి పోతాది" అని కూతురితో ఉన్నదున్నట్టు చెప్పేది. అలా చెప్పిన రోజు ఆ పిల్ల అసలు ఏడ్చేది కాదు. తల్లి వీపు మీద రెండుసార్లు తట్టి లోపలికి వచ్చేసేది. నెలాఖరుకు గుడుపల్లె నుంచి అత్తగారు మూటలు మోసుకుపోవడానికి స్వయంగా వచ్చింది. మనవరాలు గేటు దగ్గరే ఆమెను ఆపి, మొహంలోకి చూసి, "అవ్వా, నీకు కోపమా, ఆకలా?" అందట. అవ్వకు ఆ ప్రశ్న జీవితంలో ఎవరూ వేసి ఉండరు. నాలుగు రోజులుండి, కోడలు డ్యూటీకి పోతే వంట చేసిపెట్టి, మూటలు ఇక్కడే వదిలేసి వట్టి చేతులతో వెళ్ళింది.

ఇది జరిగిన చాలా ఏళ్ళకు, రెండువేల సంవత్సరం దాటాక, ఒక పెళ్ళికి కుప్పం వెళ్ళి రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే కొత్త పాప తల్లి కనిపించింది. ఇప్పుడు కుప్పంలోనే పనట. జుట్టు అక్కడక్కడా నెరిసింది. పాప ఇంటర్ చదువుతోందట. "కాన్పు గదిలో తొలి కాన్పుకొచ్చిన ఆడపిల్లలు బెదిరిపోయి అరుస్తా ఉంటారు సార్," అంది. "నేను పోయి పక్కన కూసోనా అని అడుగుతా. డాక్టరమ్మకు నగువు. కానీ వాళ్ళు చోటిస్తారు సార్, ఒక్కరన్నా వద్దనరు." ఇంకా ఏదో చెప్పబోయి, నా మొహంలోకి చూసి ఆగింది. "సార్, మీకిప్పుడు ఏడుపా, ఆకలా?" అంది.

ఆకలి అని చెప్పాను. టిఫిన్ డబ్బా తెరిచి రెండు ఇడ్లీలు పెట్టింది. పెళ్ళిభోజనం చేసి వచ్చిన కడుపు, అయినా తిన్నాను.

ఇక తరుగు. ఆటో, వడియాలు, కుప్పం రైలు, బల్లుల రాజీనామా, వీటిలో ఎంత తీస్తారో మీ ఇష్టం. మా నాయన కూడా బేరం కుదిరాక కాయల సైజు గురించి పట్టుబట్టేవాడు కాదు. గడ్డి మాత్రం నిజం, గంటా నిజం, మేడం బిస్కెట్లు అక్షరాలా నిజం. నేను కల్పించింది ఒక్క సుద్దపొడి. ఆ పొద్దున ఇంకా ప్రేయర్ కూడా కాలేదు, బోర్డు మీద ఎవరూ ఏమీ రాయలేదు. తుడవడానికి ఏముంది? క్లాసులోకి వెళ్ళేసరికి కొత్త పాప నా మొహం వైపు ఒకసారి చూసి, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది.